అబ్బాయికి సైటున్నాది

జులై 7, సోమవారం

మెర్సీ అత్త ఫోన్ చేసింది. విజయనగరం సంబంధమట. పేరు ధనరాజ్. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. "అబ్బాయికి సైటున్నాదటే లీలా. తరవాత మాట రాకూడదని ఆల్లే ముందుగా సెప్పీసినారు" అంది.

ఎన్ని గజాలో అడగమన్నాడు నాన్న. పోస్టాఫీసు ఉద్యోగమంతా అద్దె ఇళ్ళలో గడిపిన మనిషి. ఇప్పుడే అవన్నీ అడిగితే బాగోదని అత్త కసిరింది.

నాకు ముప్పై ఒకటి. రమ్మన్నాను.

జులై 13, ఆదివారం, సాయంత్రం

చర్చి అయ్యాక వచ్చారు, అతనూ వాళ్ళమ్మా. పక్కనుంచి మంచినీళ్ళ గ్లాసు అందిస్తే అతను చూడలేదు. పొగరనుకున్నాను.

నాన్న ఆగలేకపోయాడు. "సైటు ఎక్కడున్నాది బాబూ?"

"రెండు కళ్ళకీ అండి."

అతనే చెప్పాడు. రెటీనా జబ్బు. పక్క చూపు ఇప్పటికే పోయింది. మిగిలింది కూడా ఏటా తగ్గుతుంది. ఆపరేషన్ లేదు. "ముందే సెప్పాం కదండీ" అంది వాళ్ళమ్మ మెల్లగా. నాన్న ఇంటి స్థలం అనుకున్నాడని తెలిశాక ఆవిడ తల ఎత్తలేదు. టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

స్థలానికి ఒక సైట్, చూపుకి ఒక సైట్. ఆ రెండు మాటల స్పెల్లింగూ ప్రతి ఏడాదీ ఎనిమిదో తరగతి బోర్డు మీద రాసేది నేనే. ఇంగ్లీష్ టీచర్‌ని. తెలుగు మాటల మధ్య వింటే నాకూ తట్టలేదు.

జులై 14

మోసం అంటాడు నాన్న. కాదన్నందుకు నాతో మాట్లాడటం లేదు.

జులై 19, శనివారం

నేనే ఫోన్ చేసి సారీ చెప్పాను. ఎందుకండీ అన్నాడు. ఇంతకుముందు రెండు సంబంధాలవాళ్ళు జబ్బు సంగతి వినగానే వద్దన్నారట. మేం విని కూడా రమ్మన్నామని వాళ్ళమ్మ వారం రోజులు సంతోషంగా తిరిగిందట.

చూపు పూర్తిగా పోతే ఎలా అని అడిగేశాను. బోర్డు చూడకుండా లెక్క చెప్పడం ఇప్పటినుంచే ప్రాక్టీస్ చేస్తున్నాడట. పిల్లలు తప్పులు పట్టుకుంటున్నారట. నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆగస్టు 3, ఆదివారం

విజయనగరం వెళ్ళాను. స్కూల్ పని అని ఇంట్లో అబద్ధం. కాఫీ హోటల్లో ఎదురుగా కూర్చుంటే ధనరాజ్‌కి నా ముఖం బాగానే కనబడుతుందట. జాలితో వచ్చుంటే ఇక్కడితో ఆపేద్దామన్నాడు. జాలి కొంచెం ఉందన్నాను. అదొక్కటే అయితే రెండో కాఫీ చెప్పేదాన్ని కాదు.

ఆగస్టు 24, ఆదివారం

నాన్నకు చెప్పేశాను. చేసుకుంటే ఇతన్నే. "రేపు ఆడికి కళ్ళు కనబడకపోతే నీ బతుకేటవుతాదే?" అని అరిచాడు. భయం నాకూ ఉందన్నాను. ఉంది కూడా. అన్నం దగ్గర్నుంచి లేచిపోయాడు.

సెప్టెంబర్ 4

నాన్న నా ఫోన్ అడిగి తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. ధనరాజ్‌తో చాలాసేపు మాట్లాడాడు. వచ్చి, ఆదివారం ఆ అబ్బాయిని రైల్లో రమ్మన్నానన్నాడు. "ఆడు దిగేసరికి నానక్కడ ఉండాల" అన్నాడు.

సెప్టెంబర్ 7, ఉదయం 9.20

రైలు పదకొండింటికి. నాన్న ఎనిమిదికే మా కోటబొమ్మాళి స్టేషన్‌కి వెళ్ళి కూర్చున్నాడు.