నత్త గుర్తు

సెగెడ్, ఆగస్టు 28

అత్తయ్యగారికి నమస్కారం. ఇద్దరం బాగానే ఉన్నాం, కంగారు పడకండి.

సోమవారం నుంచి ఎమోకె బాలవాడికి వెళుతుంది. చదవడం రాని పిల్లలు కదా, ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మ గుర్తుగా ఇస్తారు. దీనికి నత్త వచ్చింది. మధ్యాహ్నం అక్కడే పడుకోబెడతారు కాబట్టి దుప్పటికీ, తువ్వాలుకీ, దిండు గలీబుకీ ఆ నత్తను ఇంట్లోనే కుట్టి పంపాలి. నిన్న గలీబు ఒళ్ళో పెట్టుకుని కుడుతూ రెండు పొరలూ కలిపి కుట్టేశాను.

"నాన్నా, దాని నోరు కుట్టేశావ్!" అని అది పడీపడీ నవ్వింది. అంతలోనే నవ్వు ఆపేసి, "అమ్మ వెళ్ళిపోయాక కదా నాకు నత్త ఇచ్చారు. మరి నా మంచం ఏదో అమ్మకెలా తెలుస్తుంది?" అంది. నేను తల వంచుకుని కుట్లు విప్పుతూ కూర్చున్నాను.

మీ దగ్గర గోధుమరంగు దారం ఉంటే పంపండి. ఎమోకె ఊలు మేజోళ్ళు మీ ఇంట్లో ఉండిపోయాయా? మీ మోకాలు నొప్పి తగ్గిందా? మామయ్యగారికి నమస్కారాలు చెప్పండి.

మీ అమ్మాయి ఇబోల్య ఎక్కడుందో మిమ్మల్ని ఇన్నాళ్ళూ అడగలేదు, ఇప్పుడూ అడగను. మీకు ఉత్తరాలు రాస్తోందని మాత్రం తెలుసు. ఈసారి తనకిచ్చే జవాబులో ఒక్క ముక్క రాయండి: కిటికీ పక్కన మూడో మంచం, నత్త బొమ్మ.

ఇంకా మీ అల్లుడే,
తిబోర్