తౌడు డబ్బా

జూన్ 2
ఆదిలాబాద్ శిశుగృహ నుంచి సావిని తెచ్చుకున్నది ఎండాకాలం మొదట్లో. ఆరేళ్ల పిల్ల. ఇప్పటికీ అన్నం పళ్లెం ఒడిలో పెట్టుకునే తింటుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు.
ఇవాళ మా టెంటు హౌస్ గోదాములో కుర్చీల గుట్ట వెనక దాక్కుని పిల్లిలా అరిచాను. బెదరలేదు. వచ్చి తొంగి చూసింది.
"కాకా, పిల్లి గట్ల అరవది."
అరిచి చూపించింది. పైనున్న రేకుల సందులోంచి నిజం పిల్లి జవాబిచ్చింది!
మెట్‌పల్లిలో నన్ను ఓడించిన మొదటి మనిషి.

జూన్ 5
దత్తత కాగితం మీద కలెక్టర్ సంతకం ఇంకా కాలేదు. అదయ్యేదాకా సావి మా పిల్లే... మా పిల్ల కాదు కూడా. నన్ను ఇంకా కాకా అనే పిలుస్తుంది. నా భార్య సుగుణ రోజంతా ఫోన్ చూస్తుంది. సంతకం అయితే కొండగట్టు మెట్లెక్కి వస్తానని మొక్కింది. నన్నూ కలిపి మొక్కిందట.
"నా మోకాళ్లను అడిగినవా?"
"నీ మోకాళ్లకు ఎరుకే లేదు, అంజన్నకు ఎరుక."

జూన్ 8
పక్కింటి పోశక్క మనవరాలు పింకి కుర్చీల మీద గంతులు. నా పాత పాటే ఎత్తుకున్నాను.
"ఏయ్, నిన్ను మీ అవ్వ కనలేదే. అంగట్ల తౌడు పోసి కొన్నది. మాట ఇనకుంటే నిన్ను వాపసిచ్చి తౌడు తెచ్చుకుంటది!"
ఈ వాడలో నేను ఈ మాట అనని పిల్ల లేదు. నా చిన్నప్పుడు మా బాపు నన్నూ అన్న మాటే.
పింకి నాలుక బయటపెట్టింది. "నిన్నే కొన్నరు, పురుగుల తౌడుకు!"
పోశక్క ఒకటే నవ్వు. నేనూ.
సావి నవ్వలేదు. గడప దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో.
లోపలికి వచ్చాక సుగుణ — "నీ నోటికి జర తాళం ఎయ్యరాదు?"

జూన్ 9
తల దువ్వుతుంటే సావి సుగుణను అడిగిందట.
"నాకు ఎంత తౌడు పోసిండ్రు?"
"నీకేం పొయ్యలే బిడ్డా. కాక మజాక్ చేసిండు."
"మరి ఉత్తగనే ఇచ్చిండ్రా నన్ను?"
సుగుణ దువ్వెన పట్టుకుని అట్లాగే నా దగ్గరికి వచ్చింది.

జూన్ 13
పోశక్క పంచాయితీ. బర్రెకు పెట్టే తౌడు సంచి రోజురోజుకూ తగ్గుతోందట.
"రాజన్నా, మీ ఇంట్ల ఎలుకలు మస్తయినయి."
"తోక ఉన్నదా, జడలున్నయా చూసినవా అక్కా?"
నవ్వుకుంటూ పోయింది. నేను మంచం కింద వెతికాను. పాత పాలపొడి డబ్బా. సగం తౌడు. ఆటకేమో అనుకుని మళ్లీ లోపలికి తోశాను.

జూన్ 17
దత్తత ఆఫీసు మేడమ్ చెప్పకుండా వచ్చింది. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, బడికి పోతుందా, ఏం తింటుంది — అన్నీ అడిగింది. చాయ్ వద్దంది. అయినా అంతా బాగానే నడుస్తోంది...
సావి డబ్బా ఈడ్చుకొచ్చి మేడమ్ కాళ్ల ముందు పెట్టింది.
"గిది తీస్కో. నన్ను తీస్కపోకు."
"ఏందమ్మా ఇది?"
"తౌడు. గీళ్లు నన్ను తౌడుకు కొన్నరు. నేను ఇంకా జమ చేస్త."
కొన్నరు అనే మాట దగ్గర మేడమ్ పెన్ను ఆగింది. నా మొహం చూసింది.
అయ్యో మేడమ్, మా దిక్కు అందరు అంటరు, మా బాపు నన్ను గూడ... ఎంత చెప్తే అంత పాడు. పిల్లల్ని కొన్నవాళ్లు కూడా ఇట్లాగే చెప్తారేమో.
"పెద్దమనిషివి. గీ పిల్ల ముందట అనే మాటనా అది?"
కాదు మేడమ్. కాదు.
ఏదో రాసుకుంది. ఏం రాసిందో చూపలేదు. "ఆఫీసుకు పిలుస్తం. ముగ్గురు రండ్రి."

జూన్ 18
నోరు మూసుకున్నాను.

జూన్ 20
కోరుట్ల పెళ్లికి కుర్చీలు పంపి షామియానా మరిచాను. ఎండలో పెళ్లి... తిట్లు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు.
సావి సుగుణతో అంటోంది — "కాకకు నా మీద కోపమొచ్చింది. నన్ను ఏమంటలేడు."
అంటే తప్పు. అనకుంటే తప్పు.

జూన్ 22
గోదాములో కుర్చీల వెనక నుంచి పిల్లి అరుపు. ఏ పిల్లో తెలుసు.
కుక్కలా అరిచాను. అసలు పిల్లి రేకుల మీద నుంచి దూకి పరుగు. సావి పడీ పడీ నవ్వు. ముందు పన్ను లేదు! ఎప్పుడు ఊడింది? నాకెందుకు చెప్పలేదు?

జూన్ 24
ఫోన్ వచ్చింది. రేపు జగిత్యాల ఆఫీసుకు. మేడమ్ గొంతులో మంచీ లేదు, చెడూ లేదు.
"నువ్వు మాట్లాడకు" — సుగుణ.
"అడిగితే?"
"అడిగినా నేనే చెప్త."

జూన్ 25
తెల్లారింది. బస్సుకు ఇంకా టైముంది.
సావి సంచిలో గౌను, దువ్వెన, డబ్బా. సుగుణ డబ్బా తీసింది. సావి మళ్లీ పెట్టింది.
"గది ఆడికెందుకు బిడ్డా? మళ్ల పరేషాన్ అయితది."
"అడుగుతరు గద."
సుగుణ నా దిక్కు చూసింది, నువ్వన్నా చెప్పు అన్నట్టు. నేను చెప్పులు వెతుక్కున్నాను.
వాళ్లు మొహాలు కడుక్కుంటుంటే మూత తీసి చూశాను. అంచుకు బెత్తెడు తక్కువ.
పోశక్క ఇంకా లేవలేదు. బర్రె మాత్రం చూసింది. ఆమె కొట్టంలోంచి తౌడు దోసిళ్లతో తెచ్చి పోసి, అదిమి, మళ్లీ పోసి, మూత బిగించి సావి సంచిలో పెట్టాను.
రాస్తుంటే వేళ్లకు తౌడు. పేజీ మీదా తౌడే. బయట నుంచి సావి — "కాకా, బస్సు పోతది!"