తూర్పు వైపు దారి

అమ్మకు,

నీ శ్రీదుర్గ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ పాపా కులాసా. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, మీ మేడం నీచేత మెట్లెక్కించడం మానేసిందనీ తలుస్తాను. మొన్న శుక్రవారమే ఫోనులో మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఉత్తరమేమిటి అనుకుంటావు. నీ మొహం చూస్తూ చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. అక్కడ పనిచేసే మన అయ్యప్ప సెలవు అయిపోయి కువైట్ తిరిగొస్తున్నాడు. మాగాయ సీసాతో పాటు దీన్ని కూడా నీ చేతికే ఇమ్మన్నాను.

అతను తెచ్చిన నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. పాపకి నువ్వు పంపిన గౌను భుజాల దగ్గర బిగుతైతే, మన కింద వాటాలో మిషను కుట్టే లోవరాజుగారు విప్పి సరిచేశారు. మాగాయకి కాయలు ఐనవిల్లి పిన్ని తోటవి. ఉప్పు తగ్గించే వేశాను. బోరు నీళ్ళు బాగున్నాయా అనీ, మీ అల్లుడు ఫోనులో కనిపించడం లేదేమనీ అడిగావు. ఆ రెండూ కింద రాస్తాను, కంగారు పడకు.

మన పక్క కొబ్బరి గొడౌను బంగారరాజుగారు కొన్నారని నీకు తెలుసు. అక్కడ పన్నెండు అంతస్తుల బిల్డింగు కడతామని అనుమతికి పెట్టారు. కింద దుకాణాలు, పైన ఫ్లాట్లు, భూమిలో కార్లకి సెల్లారు. బజారు వీధి వాళ్ళందరినీ ఫంక్షన్ హాలుకి పిలిచి, అధికారులు అభిప్రాయాలు అడిగారు. దుకాణాల వాళ్ళు కట్టాలన్నారు. మేడల మీద కాపురాలున్నవాళ్ళు గాలీ వెలుతురూ పోతాయన్నారు. ఫ్యాన్సీ షాపు భవానిగారు లేచి, పెళ్ళి బట్టలకి కూడా జనం రాజమండ్రి పోతుంటే మన వీధి ఎప్పటికి బాగుపడుతుందని అడిగారు. ఆవిడ మాటా తీసిపారేయలేనిదే. పైగా ఇనుమంతా మా కొట్టునుంచే తీసుకుంటానని బంగారరాజుగారు మీ అల్లుడికి మాటిచ్చారు. నేను నోరు మెదపకూడదనే వెళ్ళాను.

కానీ మొన్నటేడు బట్టల కొట్టు అంటుకున్నప్పుడు ఫైరింజను మన మలుపు తిరగలేక పెద్ద రోడ్డు మీదే నిలబడిపోవడం నా కళ్ళతో చూశాను. అది గుర్తొచ్చి కూర్చోలేకపోయాను.

"పన్నెండో అంతస్తులో మంట లేస్తే ఫైరింజను ఏ వైపు నుంచి వస్తుందండి?" అని అడిగాను.

ప్లాను ముందున్న అధికారి దాని మీద వేలు పెట్టి మన మలుపు వెతికారు. చివరికి, ఫైరింజను వచ్చి తిరిగేంత దారి చూపిస్తేనే అనుమతి అని షరతు రాశారు. బయటికొచ్చాక మేడల వాళ్ళందరూ నా చుట్టూ చేరారు. ఇక కట్టలేరని లోవరాజుగారు సంబరపడ్డారు. నేనూ అదే అనుకున్నాను.

ఆ దారి ఎటు నుంచి రావాలో మాత్రం ఆలోచించలేదమ్మా. గొడౌనుకి ముందు ఆ ఇరుకు మలుపు, పడమట బ్యాంకు, వెనక పంట కాలువ. మిగిలింది తూర్పు, పెద్ద రోడ్డు వైపు. తూర్పున మన ఇల్లు.

మర్నాడు పొద్దున్నే బంగారరాజుగారు వచ్చారు. పాపకి చాక్లెట్ల డబ్బా ఇచ్చి, మన హాలు గోడని అరచేత్తో నిమిరారు.

"అమ్మగారు పరాయి దేశంలో కష్టపడి కట్టుకున్న ఇల్లండి. మాకు గౌరవమేనండి. కాకపోతే దారి చూపించమన్నది తవరే కదండి," అన్నారు నవ్వుతూ.

ఇల్లు నీ పేరు మీద ఉందనీ, నేనేమీ చెప్పలేననీ అన్నాను.

"ఆయ్. తొందరేం లేదండి. ఈలోగా మట్టి పరీక్షకి గొయ్యి తీయించుకుంటామండి."

మన గోడ పక్కనే తీయించారు. మన నేల సంగతి నీకు తెలియనిదేముంది, పలుగు దిగితే నీళ్ళు. ఆ నీళ్ళు తోడడానికి మోటార్లు బిగించారు. అవి ఆగవు. వారం తిరక్కుండా మన బోరు నీళ్ళు ఉప్పెక్కాయి. తర్వాత వంటింటి గడియ పడడం మానేసింది. బీరువా తలుపు వేసి ఇటు తిరిగేసరికి తెరుచుకునేది. ఒక మధ్యాహ్నం పాప గోళీని నేల మీద పెడితే, అది దానంతటదే పడమటి గోడ వైపు దొర్లుకుంటూ పోయింది. పాపకి అదొక ఆట. మళ్ళీ మళ్ళీ తెచ్చి పెట్టేది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను.

ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చి మోటార్లు ఆపించారు. వాళ్ళ జీపు వెళ్ళాక మళ్ళీ మొదలయ్యాయి. ఆ రోజు నా చుట్టూ చేరినవాళ్ళు ఎదురుపడితే తల పక్కకి తిప్పుకోసాగారు. వాళ్ళ గోడలూ బీటలిస్తున్నాయి మరి. ఒక సాయంత్రం భవానిగారే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ కోపంగా లేరు, భయపడుతున్నారు.

"మీరిచ్చేస్తే మోటార్లు ఆపుతారంటమ్మా. మా పిల్లలు కూడా ఆ గోడల మధ్యే పడుకుంటున్నారు," అన్నారు.

మీ అల్లుడిదీ అదే మాట. అడ్డం పెట్టింది నువ్వే, తియ్యాల్సిందీ నువ్వే, మీ అమ్మచేత సంతకం పెట్టించు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగి కపిలేశ్వరపురం వాళ్ళన్నయ్యగారింటికి వెళ్ళిపోయారు. పాపతో రోజూ మాట్లాడతారు. నాతో మాట్లాడరు.

ఇంకొకటి ఉందమ్మా. దీనికోసమే ఇంతసేపూ రాస్తున్నాను. మన ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. లోవరాజుగారు మిషను తీసుకుని కొత్తపేట కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. నేనూ పాపా బస్టాండు వెనక ఒక గదిలో ఉంటున్నాం. శుక్రవారం నా వెనక నీకు కనిపించే ఆకుపచ్చ కర్టెను మన హాలుదే. ఈ గోడకి మేకులు కొట్టి తగిలించాను. ఇల్లంతా తిప్పి చూపించమని నువ్వడిగినప్పుడల్లా ఛార్జింగు లేదని చెప్పాను. నీ జీవితమంతా పోసి కట్టిన ఇల్లు ఒరుగుతోందని, నువ్వు అంత దూరాన ఎవరింటి వంటగదిలోనో నిలబడి వినాలా అనిపించింది.

నిన్న బంగారరాజుగారి గుమాస్తా మాణిక్యాలరావు ఈ గదికి వచ్చాడు. ఇక్కడున్నామని నేను వీధిలో ఎవరికీ చెప్పలేదు. కువైట్ వెళ్తున్నాననీ, అమ్మగారిని కలిసి కాగితాలు చూపిస్తాననీ చాలా మర్యాదగా చెప్పాడు. నీ అడ్రసు ఇవ్వనన్నాను.

"అక్కర్లేదండి. సాల్మియాలో బేకరీ ఎదురిల్లే కదండి. శుక్రవారాలు ఖాళీగా ఉంటారట," అన్నాడు.

నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి అది.

ఇల్లు నీది. అమ్మినా, ఉంచుకున్నా నేను కాదనను. కానీ ఒకసారి వచ్చి, నీ కళ్ళతో చూసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టు. అతను నీకు ఫొటోలు చూపిస్తాడు. బీటలు, ఒరిగిన గుమ్మాలు, ఖాళీ గదులు. అవేవీ అబద్ధం కాదు. నీ కూతురు నీ దగ్గర దాచిందని కూడా చెబుతాడు, అదీ అబద్ధం కాదు. ఈ ఉత్తరం అతనికంటే ముందు నీకు అందితే చాలునమ్మా.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి
శ్రీదుర్గ