తాలుదొర గుట్ట

నేరేడుచర్ల,
మంగళవారం

అమ్మా,

మిర్యాలగూడ మిల్లులో నీ చేతులు ఎలా ఉన్నాయని కూడా అడగకుండా మొదలుపెడుతున్నాను. ఫోన్‌లో చెబితే వద్దంటావు. అందుకే రాస్తున్నాను.

ఊళ్ళో వరి అంతా తాలు పోయింది. కంకి నిండుగా కనిపిస్తుంది, గింజ చిదిమితే లోపల ఏమీ లేదు. మన ఎకరం ఒక్కటే పాలు పోసుకుంది. మంగమ్మ అత్త గట్టు మీద నిలబడి, "మీకేందే, మీది పండింది" అని వెళ్ళిపోయింది. పక్కింట్లో ఉంటూ ఆమె నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

ఎందుకు పండిందో నాకు తెలుసమ్మా. సుధీర్ అన్న కోదాడకు పనికి పోలేదు. దామరచర్ల దారిలోని గుట్ట కింద తాలుదొర ఉన్నాడు. గింజల్లోని పాలను లాగేస్తున్నది వాడే. వాడి దగ్గర ఒక్క దోసిలి తాగి కొలువులో చేరితే, ఆ ఇంటి పొలాన్ని వదిలేస్తాడు. అన్న మన కోసం తాగాడు. ఇప్పుడు వాడి వాకిట్లో కాపలా. నిన్న వెళ్ళి పిలిస్తే, "నువ్వెవరు?" అన్నాడు.

ఈ సంగతంతా చెప్పింది గుట్ట దగ్గరి తండాలోని పుష్పాబాయి అవ్వ. లోపలికి పోబోతే నన్ను పట్టుకొని ఆపింది. "గుట్ట లోపలికి పోయి తాగకుండ ఒచ్చినోళ్లు ఎవ్వరూ లేరు బిడ్డా" అంది.

రేపు వెళ్తున్నాను. అన్నను విడిచిపెట్టమని అడిగి, అన్న బదులు నేను తాగుతాను. నా కోసం వెతకకు.

నీ రాణి


దామరచర్ల,
బుధవారం

అమ్మా,

గుట్టలోకి వెళ్ళి వచ్చాను.

వాకిట్లో అన్న నన్ను గుర్తుపట్టకుండానే లోపలికి వదిలాడు. గుట్ట లోపల చీకటి ఉంటుందనుకున్నాను. పట్టపగలు వెన్నెల కాసినట్టుంది. ఎదురుగా అవతలి ఒడ్డు కనిపించనంత చెరువు, నిండా పాలు. పచ్చి కంకి నలిపితే వచ్చే వాసన. రాతి సందుల్లోంచి లెక్కలేనన్ని తెల్లటి దారాలు జారుతున్నాయి, ఒక్కోటి ఒక్కో పొలానిది. దారం చెరువును తాకినచోట ఆ పొలమే కనిపిస్తోంది: నారుమడి, బురద, వంగిన నడుములు. మన ఊరు ఇంత గొప్పదని నాకెప్పుడూ తెలియదమ్మా.

తాలుదొర భయంకరంగా లేడు. తెల్లబట్టలు, నవ్వు ముఖం.

"జర తాగు బిడ్డా. మీ అన్నను తోలిస్త. మీ పొలం మీకే ఉంటది."

"మంగమ్మ అత్తది?"

"గామెతోని నీకేం పని?"

నిన్నటి నుంచి ఏమీ తినలేదు. దోసిలి నింపి పెదవులదాకా తెచ్చాను. ఆ పాలలో మంగమ్మ అత్త, నడుం పట్టుకొని, ఇంకో మొక్క నాటడానికి మళ్ళీ వంగుతోంది. తాగలేకపోయాను. వేళ్ళు విడిచాను.

"ఎవరిది వాళ్లకు పోనీ" అన్నాను.

పాలు నేలను తాకాయో లేదో, చెరువు మొత్తం లేచింది. దారాలన్నీ వచ్చిన దారినే పైకి పరుగెత్తాయి. ఆ గాలికి తాలుదొర అంగీ తొలగింది. లోపల ఏమీ లేదమ్మా! ఊళ్ళ పాలన్నీ తాగినవాడు వట్టి పొట్టు. కళ్ళంలో తూర్పారబట్టినట్టు ఎగిరిపోయాడు.

బయటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నేరేడుచర్ల దాకా పొలాల మీద తెల్లగా పాలు దిగుతున్నాయి, ఎవరి మడి మీదా ఎక్కువ తక్కువ లేకుండా. చూస్తూ నిలబడిపోయాను.

వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకున్నారు.

"రాణీ, జర ఏమన్న పెట్టవే. మస్తు ఆకలైతంది."

ఇప్పుడు పుష్పాబాయి అవ్వ ఇంట్లో ఉన్నాం. అన్న ఏడుస్తూ జొన్నరొట్టె తింటున్నాడు. "మెల్లగ తిను కొడకా, ఇంకా ఉన్నయ్" అంటోంది అవ్వ. ఈ ఉత్తరం అందగానే మొదటి బస్సుకు వచ్చెయ్.

నీ రాణి