ఆకాశం చూసిన బత్తాయి తోట

తాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజు ఇంగ్లండ్‌లోని లీసెస్టర్‌లో, మా యూనివర్సిటీ ల్యాబ్‌లో ఒక పాత ఫోటో చూశాను. అమ్మ పుట్టకముందు, మన ఊరు డ్యామ్ నీళ్లలో మునగకముందు, అమెరికా గూఢచారి ఉపగ్రహం రహస్యంగా తీసిన ఫోటో అది. ఫిల్మును పారాచూట్‌తో కిందికి వదిలితే, విమానం గాల్లోనే కొక్కెంతో పట్టుకునేదట! అందులో మన ఊరుంది. పరిహారం లెక్కగట్టిన అధికారులు బీడని రాసిన చోట, నువ్వు చివరిదాకా తోటేనని వాదించిన చోట, వరసలు వరసలుగా చుక్కలున్నాయి.

"ఏంట్రా, అలా బిగుసుకుపోయావ్?" అన్నాడు పక్క సీట్లోని శ్రీను.

"చెట్లురా! మా తాత బత్తాయి చెట్లు!"

వెంటనే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"మా నాన్న అన్నిసార్లు చెప్పినా, నేనూ నమ్మలేదురా," అంది.