గుప్పెడు మాత్రలు

జనవరి 9

థైరాయిడ్ రిపోర్ట్ వచ్చింది. టీఎస్‌హెచ్ ముప్ఫై ఎనిమిది. ఐదు లోపు ఉండాలట. థైరాయిడ్ మందగిస్తే ఒంట్లో పొయ్యి సన్నగిల్లినట్టేనన్నాడు డాక్టర్. తిన్నది ఖర్చవదు, చలి వేస్తుంది, జుట్టు రాలుతుంది. సోడియం తగ్గింది, ఐరన్ తగ్గింది. అవన్నీ నాకెందుకు? గొంతు ఎందుకు బొంగురుపోయిందని అడిగాను. అదీ దాని పనేనట. ఇరవై రెండేళ్లుగా ఈ స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు చెప్పేది ఈ గొంతే. నాకంటూ ఉన్నది అదొక్కటే.

జనవరి 10, ఉదయం 4.30

థైరాయిడ్ మాత్ర. ఐరన్ మాత్ర. మన ఇంటి ఆడవాళ్ల ఎముకలన్నీ గుల్లేనే, వేసుకోవే అని అక్క పంపిన కాల్షియం. ఐరన్ సాయంత్రానికి రాశాడు గానీ సాయంత్రమైతే మర్చిపోతాను. గుర్తు చేయడానికి ఇంట్లో ఎవరున్నారు గనుక? మూడూ గుప్పెట్లో పోసుకుని ఒక్క గుక్కలో మింగేశాను. ఐదింటికి డ్యూటీ.

ఫిబ్రవరి 2

ఈరోజు నాతో ఎవరూ మాట్లాడలేదు. మైకులో నేను ఎనభైసార్లు మాట్లాడాను.

ఫిబ్రవరి 21

సూపరింటెండెంట్ పిలిచాడు. ఎవడో జలుబు చేసినవాణ్ని మైకు ముందు కూర్చోబెట్టారేంటని ఒక ప్రయాణికుడు ఫిర్యాదు రాశాడట. నవ్వేశాను. ఆయన నవ్వలేదు. మార్చి పదిహేనున వాయిస్ టెస్ట్. నెగ్గకపోతే లగేజీ గదికి మారుస్తారు. జీతం తగ్గదులెండి మేడమ్ అని ఓదార్చాడు. జీతం సంగతి ఎవరడిగారు?

మార్చి 8

టీఎస్‌హెచ్ ముప్ఫై ఆరు. రెండు నెలల మాత్రలు ఏమైనట్టు? రోజూ వేసుకుంటున్నారా అని డాక్టర్ అదోలా అడిగాడు. ఒళ్లు మండింది. ఒక్కరోజు తప్పితే ఒట్టు. డోసు పెంచాడు.

మందుల షాపులో మూడూ అడిగాను. ఏది ఎప్పుడు వేసుకుంటున్నారాంటీ అంది షాపమ్మాయి. గొప్పగా చెప్పాను, అన్నీ ఒకేసారి, ఒక్కరోజూ మానకుండా అని. ఆ పిల్ల తల పట్టుకుంది. ఐరన్, కాల్షియం కడుపులోనే థైరాయిడ్ మందుని పట్టేసుకుంటాయట. ఒంటికి అందనివ్వవట. మధ్యలో నాలుగు గంటలైనా ఎడం ఉండాలట. ఇంట్లో ఎవరూ చూసి చెప్పలేదా అని కూడా అడిగింది.

మందులు సంచిలో వేసుకుని వచ్చేశాను. వీధి చివరిదాకా ఏడుపు ఆపుకోగలిగాను.

మార్చి 9

గొంతు ఎప్పుడొస్తుందని డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆరు వారాలో, ఎనిమిదో. నాకున్నవి ఆరు రోజులు. సూపరింటెండెంట్‌ని గడువు అడిగాను. నా చేతుల్లో లేదు మేడమ్ అన్నాడు.

మార్చి 15

ఐదు నలభై రైలు ప్రకటన చదవమన్నారు. సగంలో గొంతు జీరబోయింది. నా తర్వాత ఒక అమ్మాయి చదివింది. వంక పెడదామని చెవులు రిక్కించి విన్నాను. బాగా చదివింది.

ఏప్రిల్ 1

లగేజీ గది. చీటీ తీసుకోవడం, పెట్టె ఇవ్వడం. మాటలతో పనిలేదు. అక్క ఫోన్ చేసి కాల్షియం వేసుకుంటున్నావా అని అడిగింది. రాత్రికి మార్చానన్నాను. ఎందుకో అడగలేదు, నేనూ చెప్పలేదు.

మే 12

టీఎస్‌హెచ్ నాలుగు. సోడియం సరిపోయింది. మెట్లెక్కితే ఆయాసం లేదు. డాక్టర్ శభాష్ అన్నాడు.

మే 13, ఉదయం 5.35

గొంతు వచ్చేసింది. పూర్తిగా. గది తలుపు వేసి, ఐదు నలభై రైలు రెండవ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని పెట్టెలకి చెప్పాను. ఒక్కటీ లేవలేదు. ఇంకోసారి చెప్పాను.