మొగలి పొదలో టక్కులాడి

9 సెప్టెంబరు 2003

వచ్చింది. మా చేని పక్క బోదెకాలవ గట్టు మీది మొగలి పొదలోంచి... టక్, టక్. ఎడమకాలి వేలు వంకర. అదే పిట్ట. నిరుడూ ఈ పొదే, అంతకుముందూ ఈ పొదే. మట్టిరంగు, గుప్పెట్లో పట్టేంత ఒళ్ళు. ఊళ్ళో ఎవరూ దీనికి పేరు పెట్టినట్టు లేదు. నేను పెట్టుకున్నది — టక్కులాడి.

15 సెప్టెంబరు

బడిలో దీని పాఠమే చెప్పాను. వేసవిలో హిమాలయాల అవతల, అడవి అంచు పొదల్లో గూడు. అక్కడ గొంతెత్తి పాట. ఇక్కడ గూడూ లేదు, పాటా లేదు, ఈ టక్ టక్ తిట్లే. కావలసిందల్లా నీటి పక్కన ఇరుకైన ముళ్ళపొద, పురుగులు. రెండు కాలాలకు రెండు ఇళ్ళు, రెండూ తానే ఎంచుకుంటుంది. నాకు పెళ్ళయ్యాక బావగారిల్లే.

2 అక్టోబరు

చేను రొయ్యల చెరువు చేస్తారట బావగారు. గట్టు మీది పొద కూడా పోతుందట. మా ఆయన అన్నం కలుపుకుంటూ చెప్పారు, కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా. మనకూ వాటా ఉంది కదా అన్నాను.

"అన్నయ్య ఇష్టం."

ఈ మాట వింటే రోత.

5 అక్టోబరు

తలుపు పక్కన నిలబడి అడిగాను — చెరువు మీ ఇష్టం, పొద ఒక్కటీ ఉంచండి. బావగారు నవ్వారు.

"పిట్టలకేం లోటమ్మా? ఊరినిండా కొబ్బరిచెట్లేగా."

పొద పోయిన చోట నా కోసం రెండు కొబ్బరి మొక్కలు వేయిస్తారట. నున్నటి మాను, పైన నాలుగు మట్టలు... ఎక్కడ దాక్కుంటుంది? పిట్టకి ఏ చెట్టయినా ఒకటేనని ఆయన లెక్క. బడిలో అంత పాఠం చెప్పిన నోరు అక్కడ పెగల్లేదు. నా మీద నాకే అసహ్యం.

12 అక్టోబరు

పొక్లెయిన్ వచ్చింది. డ్రైవరు మెత్తటి మనిషి. "ఆయ్, ఆపెయ్యమంటే ఆపేత్తానండీ మేడంగారూ. పెద్దాయనగారు ఓ మాట చెప్పాలండి." పెద్దాయన చెప్పలేదు. మా ఆయన తాటిపాక రిఫైనరీలో డ్యూటీకి ముందే బయల్దేరారు. మధ్యాహ్నానికి మొగలి మొత్తం పెళ్ళగించి దిబ్బ పోశారు. బురద కంపు, డీజిల్ కంపు.

15 అక్టోబరు

కనబడలేదు. కొబ్బరి మొక్కలు మాత్రం నాటించారు. అన్న మాట తప్పని మనిషి మరి.

19 అక్టోబరు

టక్.

ఎండుతున్న మొగలి దిబ్బలోంచి. లోపలికి దూరి బతుకుతోంది. కొబ్బరి మొక్కల వైపు చూడను కూడా చూడలేదు.

సాయంత్రం మా ఆయన, చెప్పులు విప్పుతూ — "రేపు ఆ దిబ్బ తగలెట్టించేస్తారట అన్నయ్య. పాములు చేరతాయని."

మీరేమన్నారు అని అడగలేదు. తెలుసు కదా.

20 అక్టోబరు

తెల్లారగానే అరుగు మీది కుర్చీ మోసుకెళ్ళి దిబ్బ ముందు వేసుకున్నాను. బావగారు కిరసనాయిలు డబ్బాతో వచ్చారు.

"అదేంటమ్మా, ఇక్కడ కూర్చున్నావు?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఎదుట కుర్చీలో కూర్చోలేదు. చెప్పుల చప్పుడు వినబడితేనే లేచి పక్కకు తప్పుకునేదాన్ని. ఆయన కాసేపు ఆగారు. నేను లేస్తాననే. తరవాత డబ్బా గట్టు మీద పెట్టి, తమ్ముణ్ణి పిలుచుకు రావడానికి వెళ్ళారు.

ఇది ఇక్కడే రాస్తున్నాను. గట్టు చివర ఇద్దరూ కనబడుతున్నారు... మా ఆయన వెనక నడుస్తున్నారు, తల దించుకుని. కాళ్ళు వాటంతటవే లేవబోతున్నాయి. లేవకుండా కుర్చీ చెయ్యి పట్టుకున్నాను.